నోరు చూసి కాలికి మందు

నొక్కాలి, వదలాలి, చూడాలి. ఇంతే నా పని. రబ్బరు తొడుగు వేసుకున్న వేలితో మెత్తగా నొక్కితే అక్కడ తెల్లబడుతుంది, వదిలితే రంగు తిరిగొస్తుంది. మరీ తొందరగా వస్తే మంచిది కాదట, అసలు రాకపోతే అస్సలు మంచిది కాదట, నిదానంగా రావాలట. ఇదేం గొడవరా భగవంతుడా, ఈ దీవిలో వండూర్ జెట్టీలో కూర్చుని పడవ టికెట్లు ఇచ్చుకునేదాన్ని, ఆ నిదానం ఎంతో నాకెలా తెలుస్తుంది? మంచం మీద అమ్మ, దిండ్ల మీద ఎత్తిపెట్టిన అమ్మ కాలు, ఆ కాలి మీద మొన్నటిదాకా పిక్కన ఉండి ఇప్పుడు ముందెముక మీదికి వచ్చి కూర్చున్న చర్మం. మూడు వైపులా కోసి, నాలుగో వైపు ఒంటికి అంటుకునే ఉంచి, తిప్పి తెచ్చి ఎముకని కప్పారు. ఫ్లాప్ అంటారట దీన్ని. ఆ నాలుగో వైపు నుంచే దానికి నెత్తురు రావాలి, అటు నుంచే తిరిగి వెళ్ళాలి. పొద్దున్న నేను టీ తెచ్చి, గ్లాసు పెట్టి, దుప్పటి తీసి చూసేసరికి దాని చివర వంకాయ రంగు తిరిగి ఉంది. నేను పెట్టిన కేక వార్డంతా వినబడింది. డాక్టర్ పద్మిని ప్రోతరాపూర్ నుంచి వానలో స్కూటర్ మీద వచ్చేసింది, తెల్లకోటు లేదు, జడ నుంచి నీళ్ళు కారుతున్నాయి. వచ్చీ రాగానే రెండు కుట్లు విప్పింది, కాలు ఇంకా ఎత్తు చేయించింది, ఏదో పూతమందు రాసింది. "దీదీ, థియేటర్‌లో ఇంకొక పేషెంట్ టేబుల్ మీద ఉన్నాడు. గంటలో వచ్చేస్తా. తబ్ తక్ ఆప్ హీ మేరీ ఆంఖ్," అని వెళ్ళిపోయింది. అప్పటిదాకా నా కన్ను నువ్వే అంటే ఎంత పెద్ద మాట. నాకు దూరం చూపే సరిగా ఆనదు.

ఇది నిలబడితే కాలు నిలబడుతుంది. నిలబడకపోతే ఎముక మళ్ళీ బయటపడుతుంది, ఎముకకి చీము పడుతుంది, అప్పుడు మోకాలి కింద తీసేయడమే. డాక్టర్ ఏదీ దాచలేదు, మొదటి రోజే చెప్పింది. అమ్మ కూడా వింది. విని, "కాలు నేకపోతే నాను గంపేలా ఎత్తుకుంతాను పాపా?" అని మాత్రం అడిగింది. చేపల గంప నెత్తిన పెట్టుకుని జంగ్లీఘాట్ నుంచి ప్రోతరాపూర్ దాకా ఇల్లిల్లూ తిరిగిన కాలు ఇది. నన్ను బడికి పంపించిన కాలు, నాన్న పోయాక మా ఇద్దరినీ మోసిన కాలు. నా చిన్నప్పుడు సిప్పీఘాట్ దగ్గర రోడ్డు మీదికి ఉప్పునీళ్ళు వచ్చేసి బస్సు ఆగిపోతే, అందరూ కిటికీల్లోంచి చూస్తూ కూర్చున్నారు, మా అమ్మ మాత్రం చీర ఎగ్గట్టి గంపతో దిగి నడిచిపోయింది. బస్సు డ్రైవర్ హిందీలో ఏదో అరిచాడు, అమ్మ శ్రీకాకుళం భాషలో తిరిగి అరిచింది, వాడికి అర్థమైనట్టే ఉంది, మళ్ళీ నోరెత్తలేదు. నొక్కాను. వదిలాను. టక్కున నల్లగా తిరిగొచ్చింది. ఇంకా తొందరే.

తమ్ముడు బంగారురాజు కింద సైకిళ్ళ షెడ్డులో కూర్చుని ఉంటాడు. ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి ఈ మెట్లెక్కలేదు వాడు. పడవ జెట్టీకి ఆనించింది వాడే. అల ఒక్కటి అడ్డంగా వచ్చింది, పడవకీ గోడకీ మధ్య అమ్మ కాలు పడింది. ఏ నావ నడిపేవాడికైనా జరిగేదే, అమ్మ కూడా అదే అంది, అయినా ఆ రోజు నుంచి వాడు పడవని నీళ్ళలోకి దించలేదు. పెళ్ళాం చెప్పినా వినడు, నేను తిట్టినా వినడు. తిట్టడంలో నేనేమీ తక్కువ చెయ్యలేదు. మొద్దు వెధవ, అన్నం తిన్నాడో లేదో. వాడికి కబురు చెప్పడానికైనా సరే, ఈ చివర రంగు మారాలి.

అసలు ఈ ఆపరేషన్ ఇంతకుముందే జరగాల్సింది. అమ్మకి ఆకుపచ్చ గౌను కూడా తొడిగేశారు. అప్పటికి పుండు కడిగి కడిగి శుభ్రమైంది గానీ, మధ్యలో ఎముక అలాగే తెల్లగా కనబడుతూ ఉండేది. చిన్న డాక్టరొకడు, మూతిమీద మీసం ఇంకా సరిగా రాలేదు, ముందు రోజు వచ్చి ప్రశ్నలు వేశాడు. బీపీ ఉందా, షుగర్ ఉందా, తంబాకు ఖాతీ హో, బీడీ సిగరెట్ పీతీ హో, పొగాకు తింటావా, కాలుస్తావా అని. అమ్మకి రోషం వచ్చింది. "ఛీ ఛీ, ఆడదాన్ని, సిగరెట్టు కాల్తానేటి!" అంది. మేమందరం తలలూపాం. అది అబద్ధం కాదు. సిగరెట్టు మగవాళ్ళది, బీడీ మగవాళ్ళది. అమ్మది చుట్ట. అదీ నిప్పు వైపు నోట్లో పెట్టుకుని పెదవులు మూసేసే చుట్ట, అడ్డపొగ. మా వైపు ఒడ్డున ముసలమ్మలందరిదీ అదే తీరు. గాలికి నిప్పు ఆరిపోదు, బూడిద చేపల మీద రాలదు, చేతులు రెండూ ఖాళీగా ఉంటాయి, గంప పట్టుకోవచ్చు, బేరమాడొచ్చు. దాన్ని పొగ తాగడం అని మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనుకోలేదు. అన్నం తిన్నామా, నీళ్ళు తాగామా, చుట్ట పెట్టామా, అంతే.

ఆపరేషన్ పొద్దున పద్మిని వచ్చింది. అందరినీ పలకరించినట్టే అమ్మనీ పలకరించింది, రెండడుగులు వేసింది, ఎందుకో వెనక్కి తిరిగింది. "మామ్మా, జరా నోరు తెరువు," అంది. టార్చి వేసి అంగిలి చూసింది. చాలాసేపు చూసింది. ఏమీ కోప్పడలేదు. "మా మామ్మ నోరు కూడా ఇట్లాగే ఉండేది," అంది మెల్లగా, "అడ్డపొగ. నేను చిన్నప్పుడే చచ్చిపోయింది, ఆ నోటి పుండుతోనే." తర్వాత తల తిప్పి నర్సుతో కేస్ క్యాన్సిల్ అంది. అంతే, నాకు ఒళ్ళు మండిపోయింది. నోట్లో చూసి కాలి ఆపరేషన్ ఆపేసే డాక్టర్ని ఎక్కడైనా చూశామా! పిన్ని సింహాచలమ్మ అక్కడే నెత్తి కొట్టుకుంది, ఆలస్యం అమృతం విషం అంది, మద్రాసు తీసుకుపోదాం అంది. తమ్ముడు అప్పుడింకా పైకి వచ్చేవాడు, విమానం టికెట్ కొనేస్తానన్నాడు. నేనైతే వరండాలో ఆ పిల్లని ఆపి నిలదీశాను. ఇంత చిన్నది, నా కంటే పదేళ్ళు చిన్నదై ఉంటుంది, ప్రోతరాపూర్‌లో పుట్టిన పిల్ల, తెలుగు మాట్లాడుతుంది గానీ బోర్డు మీద తెలుగు అక్షరం కూడబలుక్కోవాలి, ఇదా మా అమ్మ కాలు తేల్చేది అనుకున్నాను. అది నా మొహం మీద కనబడే ఉంటుంది, నేను ఏదీ దాచుకోలేను.

ఆ పిల్ల మమ్మల్ని లోపలికి తీసుకొచ్చి, అమ్మ మంచం పక్కన బల్ల మీద కూర్చోబెట్టి తనూ కూర్చుంది. డాక్టర్లు నిలబడే చెబుతారు, ఈ పిల్ల కూర్చుంది. చుట్ట పొగకి సన్నటి నరాలన్నీ ముడుచుకుపోతాయి దీదీ, అంది. అలాంటి చర్మాన్ని కోసి తిప్పితే చివరిదాకా నెత్తురు వెళ్ళదు, చివర చచ్చిపోతుంది, ఎముక ఉన్నది ఆ చివరి వైపే. ముందు చుట్ట మానాలి. నెత్తురు సుళువుగా పారేందుకు మాత్రలిస్తాను, అవి కోయకముందే మొదలుపెట్టాలి, కోసేనాటికి దారులు తెరుచుకుని ఉండాలి. కోసేశాక, నల్లబడ్డాక ఇస్తే ఆ మందు వెళ్ళడానికి దారేది? నేను వదల్లేదు. ఇలా ముందే ఇస్తే తప్పకుండా నిలబడుతుందా అని గట్టిగా అడిగాను. "పక్కా అని చెప్పలేను," అంది. "ఎలుకల్లో చేసి చూశారు, ముందిచ్చినవాటికి మేలు అనిపించింది. మనుషుల్లో ఇంకా వాదనే నడుస్తోంది. నాకు నమ్మకం ఉంది, గ్యారంటీ లేదు." ఆ మాటకి తమ్ముడు దిగ్గున లేచాడు, గ్యారంటీ లేనిదానికి ఆపడమెందుకని. నాకు మాత్రం చిత్రంగా ఆ మాటతోనే కోపం దిగిపోయింది. జెట్టీ కిటికీలో ఇన్నేళ్ళు కూర్చున్నాను, సముద్రం రేపు బాగుంటుందా అని రోజూ అడుగుతారు యాత్రికులు. బాగుంటుంది సార్, పక్కా, అని చెప్పేవాడిని నేను ఎప్పుడూ నమ్మను.

కానీ అసలు తీర్పు అమ్మది. అమ్మ అంతా విని, గౌను లాక్కుంటూ, తమ్ముడి వంక చూసింది. "ఒరే రాజు, పోటు రాకముందే పడవని ఒడ్డుకాడికి దించి పెట్టుకుంతావా, పోటు పోయినాక ఇసకలో కూరుకున్నదాన్ని తోస్తావా?" అంది. "ఈ పిల్ల సెప్పింది అదే కాదేటి. సేతులు కాలినాక ఆకులు పట్టుకుంతే ఏటి నాభం. ఆగుదాం." ఆ మాటతోనే చుట్టల డబ్బా తీసి పిన్ని చేతిలో పెట్టింది. ఊహ తెలిసిన దగ్గర్నుంచి ఆ డబ్బా అమ్మ ఒళ్ళో లేకుండా నేను చూడలేదు. పెళ్ళై విశాఖపట్నం నుంచి ఓడెక్కి ఈ దీవికి వచ్చినప్పుడు, కడుపులో ఉన్నదంతా కక్కుకుంటూ కూడా, డబ్బా మాత్రం చంక దాటనివ్వలేదట.

ఆ తర్వాత మా ఇంట్లో అమ్మతో రోజులు ఎలా గడిచాయో నాకు తెలుసు, మా పక్కింటివాళ్ళకి తెలుసు. అమ్మ లవంగం నమిలింది, చింతగింజ చప్పరించింది, ఉట్టి వేలు నోట్లో పెట్టుకుని కూర్చుంది. నన్ను తిట్టింది, మా ఆయన్ని తిట్టింది, గోడ మీద బల్లిని తిట్టింది. పులుసులో ఉప్పు లేదని కంచం తోసేసింది, తర్వాత అదే కంచం లాక్కుని తింది. ఒకరోజు నా చెయ్యి పట్టుకుని, "ఒలే అమ్ములూ, నోరు కాలీగా ఉంతే సచ్చినట్టుందే," అని ఏడ్చింది. నాన్న పోయినప్పుడు కూడా అమ్మ ఏడవగా నేను చూడలేదు. కానీ ముట్టలేదు. మాత్రలు మాత్రం అన్నానికి ముందొకటి వెనకొకటి అడిగి మరీ వేయించుకుంది, నేను మర్చిపోతే నన్నే కసిరింది. పద్మిని వారం వారం ఇంటికే వచ్చి నోరు చూసి, వాసన చూసి, నవ్వి వెళ్ళేది. ఆఖరికి ఒక రోజు వచ్చి, "ఇప్పుడు కత్తి పడతా మామ్మా," అంది. ఇంత మొండితనం నాకు అమ్మ నుంచి సగమైనా వచ్చిందా? మాటకి మాట అనడం వచ్చింది, అంతే. ఇలా కూర్చుని ఓర్చుకోవడం రాలేదు.

నొక్కాను, వదిలాను. ఈసారి కొంచెం ఆగినట్టుంది. లేక నా కంటికి అలా అనిపించిందా? కిటికీ దగ్గర వెలుతురు తగ్గింది, వాన మళ్ళీ పట్టుకుంది, వంకాయ రంగా, ముదురు గులాబీయా, ఏదీ తేల్చుకోలేకపోతున్నాను. అమ్మ కళ్ళు మూసుకునే, "తల పగిలిపోతందే," అంటుంది. అది పూతమందు వల్లే. గుండెనొప్పి వాళ్ళకి వాడే మందట, నరాల్ని వదులు చేస్తుందట, తలనొప్పి వస్తే భయపడొద్దు అని చెప్పే వెళ్ళింది. గుండె మందు కాలికేమిటని పొద్దున్న అడిగాను, ఇప్పుడే ఎందుకు, సాయంత్రం దాకా చూద్దాం అని కూడా అన్నాను. "ఇవాళ రాస్తే అది మందు దీదీ. రేపు రాస్తే మన తృప్తి," అంది. నెత్తురు లోపలికి వస్తోంది కానీ బయటికి పోలేక నిలిచిపోతోంది, అందుకే ఈ నలుపు, అని చెప్పింది. అమ్మ వెంటనే, "అయితే పోటొచ్చీసింది, నీళ్ళు తీసే పాటు నేదన్నమాట," అంది. పద్మిని చేతిలో కత్తెరతోనే నవ్వేసింది. అంత భయంలో ఆ ఇద్దరూ నవ్వుకోవడం చూస్తే నాకు ఒళ్ళు మండింది, వాళ్ళ మీద ప్రేమ కూడా పొంగింది.

తలుపు తోసుకుని పిన్ని వచ్చింది. చేతిలో క్యారియర్, తడిసిన చీర, వచ్చీ రాగానే ముక్కు ఎగబీల్చడం. కాలు వంక చూసి, "ఒలమ్మో, నల్లబడిపోనాదే!" అని నోరు నొక్కుకుంది. నేను చూశాను, పిన్ని చెయ్యి రొంటికి పోతోంది. నాకు వెంటనే అర్థమైంది.

"పిన్నీ, అది తీశావంటే కిటికీలోంచి నిన్నే పడేస్తాను."

"ఊరుకోయే. ఎటూ నల్లబడిపోయింది, ఇంకేటవుద్ది? పానం ఎంత నాగేస్తందో, ఒక్క దమ్ము లాగనీ," అంటూ పిన్ని ఏడుపు గొంతుతో చుట్ట తీసి అమ్మ అరచేతిలో పెట్టేసింది. ద్రోహం కాదు అది, ప్రేమే. చావు బతుకుల్లో ఉన్న మనిషికి చుట్ట అందించడం మా వాళ్ళలో తులసి నీళ్ళు పోయడం లాంటిది. నేను లేచాను. అమ్మ కళ్ళు తెరిచింది. చుట్టని ముక్కు దగ్గర పెట్టుకుంది. ఒక్కసారి, గుండె నిండా, పీల్చింది. లాక్కుందామనుకున్నాను, ఎందుకో లాక్కోలేదు, ఆ మొహం చూస్తే ఎవరైనా ఆగిపోతారు. తర్వాత అమ్మ చెయ్యి చాపి చుట్టని చెల్లెలి చేతిలోనే పెట్టింది.

"తీసుకుపోయే సిమ్మాచలం. దీని వాసన కూడా కాలికి తెలిసిపోద్దేమో. ఆ పిల్ల నా నోరు సూసింది, నాను ఆ పిల్లకి నోటిమాటిచ్చినాను."

పిన్ని కొంగు నోట్లో కుక్కుకుని వరండాలోకి వెళ్ళిపోయింది, క్యారియర్ మాత్రం వదిలేసింది. అమ్మ మళ్ళీ కళ్ళు మూసుకుంది, పెదవులు ఒత్తిపట్టి, చెయ్యి దుప్పటిని గుప్పిట్లో నలుపుతూ. ఈమె కడుపున పుట్టానా నేను అనిపించింది. చదువుకున్నదాన్ని, ప్యాంటు షర్టు వేసుకుని తెల్లవాళ్ళతో ఇంగ్లీషు మాట్లాడేదాన్ని, రోజుకు నాలుగు టీలు తగ్గించమంటే రెండు రోజులు తగ్గించలేకపోయాను. ఈవిడ యాభై ఏళ్ళ నిప్పుని నోట్లోంచి తీసి పక్కన పెట్టింది, ఒక్క మాట కోసం. ఇక ఆ పద్మిని. ఆరోజు తిరిగి రెండడుగులు వెనక్కి వేయకపోతే? తన మామ్మ నోరు గుర్తు రాకపోతే? ఆపరేషన్ చేసేసి ఉంటే అందరం చేతులెత్తి దండం పెట్టేవాళ్ళం, నల్లబడితే తలరాత అనుకునేవాళ్ళం, ఆ పిల్లని ఎవరూ వేలెత్తి చూపేవాళ్ళు కాదు. ఆపింది కాబట్టి తిట్లు తింది. మంచి పేరు ఇప్పుడే వద్దు, కాలు కావాలి అనుకోవడానికి ఎంత గుండె ఉండాలి. నొక్కడం మర్చిపోయాను. నొక్కాను, వదిలాను. ఏమో, ఏమో, నాకు తెలియడం లేదు.

చెప్పుల చప్పుడు. పద్మిని తలమీద థియేటర్ టోపీతోనే వచ్చింది. వంగి చూసింది, టార్చి వేసి చూసింది, వేలితో తాకి చూసింది. మొహంలో ఏమీ తెలియనివ్వదు ఈ పిల్ల. ట్రేలోంచి సన్నటి సూది తీసింది. "మామ్మా, గుచ్చుతున్నా," అంది. అమ్మ, "గుచ్చు," అంది. చివరికి కాస్త ఇవతల, ఎముక ఉన్న చోటే, గుచ్చింది. చిన్న బొట్టు వచ్చింది. నల్లటిది. నేను మంచం కమ్మీ పట్టుకున్నాను. పద్మిని దూదితో తుడిచింది. మళ్ళీ బొట్టు, మళ్ళీ నలుపే. తుడిచింది. ఏ దేవుణ్ణి తలుచుకోవాలో కూడా తోచలేదు, పైడితల్లి, పైడితల్లి అని మాత్రం అనుకున్నాను. మూడో బొట్టు నెమ్మదిగా ఉబ్బింది. ఎర్రగా ఉంది. కుంకుమంత ఎరుపు. అది తుడవలేదు పద్మిని, అలాగే చూస్తూ ఉండిపోయింది. స్టూలు లాక్కుని కూర్చుంది. టోపీ తీసి మొహం తుడుచుకుంది, చెమటో ఇంకేదో.

"దీదీ, దేఖో," అంది. "పాత నెత్తురు బయటికి పోయింది, కొత్తది వస్తోంది. చివర వేలెడు చచ్చిపోతుంది, అది నేను తర్వాత కోసేస్తా. ఎముక మీద ఉన్నది నిలబడింది."

"ఏటి పాపా, గుచ్చినావేటి? నాకు తెలీనే నేదు," అంది అమ్మ.

"ఇప్పుడప్పుడే తెలియదు మామ్మా, కొన్నాళ్ళు మొద్దుగా ఉంటుంది. కానీ కాలు దక్కింది. నీదే."

"మరి ఎవుర్దనుకున్నావు?"

పద్మిని నవ్వబోయి, నవ్వలేక, అమ్మ చేతిని రెండు చేతుల్తో పట్టుకుంది. అమ్మ ఆ పిల్ల బుగ్గ మీద చెయ్యేసి, "అన్నం తిన్నావేటి నువ్వు?" అని అడుగుతోంది. నేను అక్కడ ఆగలేదు. తొడుగు తీయడం కూడా మర్చిపోయి వరండాలో పరుగెత్తాను, పిన్ని ఏదో అడుగుతోంది, మెట్ల మీద ఎవరినో తోసేశాను, వాళ్ళు తిట్టారు, తిట్టనీ. షెడ్డులో వాన జల్లు కొడుతున్న వైపే, మోకాళ్ళు పట్టుకుని, తడిసిపోయి కూర్చుని ఉన్నాడు తమ్ముడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. రబ్బరు తొడుగు వేసుకున్న చేత్తోనే వాడి చెయ్యి పట్టుకున్నాను.

"ఎర్రగా ఉందిరా," అన్నాను. "అమ్మ నెత్తురు ఎర్రగా ఉంది. పైకి రా."